లెక్క అడగనిది మేస్త్రీలను

మే నెల రెండో ఆదివారం సంగతి. పాత మందిరం పడగొట్టి కొత్తది కడుతున్నాం కాబట్టి పక్కనే షామియానా వేసి ఆరాధన జరుపుకుంటున్నాం. కాలువలు కట్టేసిన రోజులు, ఆకు కదలడం లేదు. రొట్టె విరవడం అయింది, ప్రకటనలు అయ్యాయి, జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. అప్పుడు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక కుర్రాడు లేచి, "స్లాబు దాకా ఎంతయిందో, ఇంకా చేతిలో ఎంతుందో ఒకసారి చెప్తారా అండీ" అన్నాడు. గొంతులో కాస్త కారం ఉంది గానీ మాటలో తప్పేం లేదు.

సంఘం డబ్బు చూసేది మాస్టారు. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన రిటైర్డ్ హెడ్మాస్టారు ఆయన. లేవబోయారు. ఆయన లేచేలోపే ఇంకో సంఘ పెద్ద బైబిలు తెరిచి, రాజులు రెండో గ్రంథం 12వ అధ్యాయం 15వ వచనం గట్టిగా చదివాడు. యెరూషలేము మందిరం బాగుచేసే పనికి డబ్బు ఎవరి చేతికి ఇచ్చారో వాళ్లు నమ్మకస్తులు, అందుకని వాళ్లను లెక్క అడగలేదు అని ఆ వచనం సారాంశం. వెనకాల నుంచి నాలుగైదు ఆమెన్‌లు. కుర్రాడి వాళ్లమ్మ అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది. కూర్చున్నాడు.

నేనూ ఆమెన్ అన్నాను. పెద్దగా కాదు, పెదాల దగ్గరే. కానీ అన్నాను.

మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఆ వచనానికి ముందు ఏముందో చూద్దామని అధ్యాయం మొత్తం తీశాను.

పై వచనాలు ఎవరూ చదవలేదు

అక్కడున్న కథ ఇది. యోవాషు రాజు, మందిరానికి వచ్చే డబ్బు యాజకులు తీసుకుని శిథిలమైన చోట్ల బాగుచేయించమన్నాడు. యాజకులు తీసుకున్నారు. రాజుగారి ఏలుబడి ఇరవై మూడో ఏడు వచ్చింది, గోడ మాత్రం అలాగే ఉంది. దొంగతనం జరిగిందని బైబిలు చెప్పదు, పని జరగలేదనే చెబుతుంది. అప్పుడు రాజు వాళ్లను పిలిచి, ఇక మీరు డబ్బు తీసుకోవద్దన్నాడు. యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం పెట్టి, బలిపీఠం పక్కన పెట్టించాడు. పెట్టె నిండినప్పుడల్లా రాజుగారి లేఖకుడు ఒకడు, ప్రధాన యాజకుడు ఒకడు, ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవాళ్లు. అలా లెక్క తేలిన డబ్బు పని చేయించేవాళ్ల చేతికి వెళ్లేది. వాళ్లు దాన్ని వడ్రంగులకు, రాళ్లు కొట్టేవాళ్లకు పంచేవాళ్లు. ఇదిగో, ఆ పని చేయించేవాళ్లనే లెక్క అడగలేదు. అంటే మన భాషలో మేస్త్రీలను.

మా మందిరం దగ్గర జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. మేస్త్రీని సిమెంటు బస్తా బస్తాకీ అడుగుతున్నాం. నిన్న ముప్పై దించాం కదా, ఇవాళ ఇరవై ఆరే ఉన్నాయేంటని నలుగురం చుట్టూ నిలబడి నిలదీస్తున్నాం. అతను పాపం ఖాళీ సంచులు మడత పెట్టి లెక్కకు దాచుకుంటున్నాడు. పెట్టె దగ్గర కూర్చున్న వాళ్లను మాత్రం అడగకూడదు, అది అవిశ్వాసం!

ఇంకో సంగతి గమనించాను. రాజుకు యెహోయాదా పరాయివాడేం కాదు. ఏడేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు అతన్ని సింహాసనం ఎక్కించింది ఆ యాజకుడే. అంత నమ్మకం ఉన్న మనిషి పక్కన కూడా లెక్కపెట్టేటప్పుడు ఇంకొకడు కూర్చున్నాడు. దాన్ని యెహోయాదా అవమానం అనుకున్నట్టు ఎక్కడా లేదు.

నేను రైస్‌మిల్లులో అకౌంట్లు రాస్తాను. ధాన్యం లారీ లోపలికి వస్తే కాటా దగ్గర ఒకరు రాస్తారు, గేటు దగ్గర ఇంకొకరు రాస్తారు. సాయంత్రం రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటాం. పంతొమ్మిదేళ్లలో గేటు దగ్గర మనిషి "అంటే నేను దొంగనా" అని అలగడం నేను చూడలేదు. పైగా ఒక సంక్రాంతి ముందు నలభై బస్తాల తేడా వస్తే, రెండో పుస్తకం ఉండబట్టే అతని ఉద్యోగం నిలబడింది. వారంలో ఆరు రోజులు ఆ పని చేసే నేను ఏడో రోజు షామియానా కింద ఆమెన్ అన్నాను.

డబ్బు మాటెత్తని వారసత్వం

మావాళ్లకు డబ్బు సంగతి మాట్లాడటం ఎందుకు ఇబ్బందో నాకు కొంత తెలుసు. మా బ్రదరన్ సంఘాలకు జీతం తీసుకునే పాదిరి ఉండడు, బిషప్పు ఉండడు, ఓటింగూ ఉండదు. పెద్దలు ముగ్గురో నలుగురో కూర్చుని ప్రార్థన చేసి ఏకమనసుకు వస్తారు. ఇది 1836లో మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు డెవన్ ప్రాంతం నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నర్సాపురం వైపు నాటిన విత్తనం. వెనకాల జీతమిచ్చే మిషన్ బోర్డు ఏదీ లేకుండా వచ్చారు వాళ్లు. అవసరం మనుషులకు చెప్పకూడదు, దేవుడికే చెప్పుకోవాలి అన్న పట్టుదల. ఆ పట్టుదలను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. టీవీ చానెల్లో బ్యాంకు అకౌంటు నంబరు స్క్రోలింగ్ వేయించుకునే కాలంలో, కానుక సంచి తిప్పడానికి కూడా మొహమాటపడే మా పెద్దలంటే నాకు ఇష్టమే.

అయితే "అడగం" అన్న మంచి మాట ఎక్కడో దారిలో "అడగొద్దు" అయి కూర్చుంది. మొదటిది ఇచ్చేవాళ్ల విషయంలో పెట్టుకున్న సిగ్గు. రెండోది ఖర్చుపెట్టేవాళ్ల చుట్టూ కట్టిన గోడ.

ఆ పట్టుదలకు పెద్ద పేరున్న మనిషి జార్జి ముల్లర్ ఏం చేశాడో చూడండి. గ్రోవ్స్ చెల్లెల్ని పెళ్లాడినవాడు. 1830లో తనకు నిర్ణీత జీతం వద్దని చెప్పి, గుడిలో ఒక పెట్టె పెట్టించి, ఇష్టమున్నవాళ్లు అందులో వేయండన్నాడు. 1836లో బ్రిస్టల్లో అనాథల ఇల్లు తెరిచాడు. ఒక్కరినీ చేయి చాచి అడగలేదన్నది మావాళ్లంతా ప్రసంగాల్లో చెప్పేదే. చెప్పనిది ఏమిటంటే, వచ్చిన ప్రతి కానుకకూ ఆయన లెక్క రాశాడు. ఇచ్చినవాళ్ల పేర్లు బయటపెట్టకుండా, వచ్చిందీ ఖర్చయిందీ ఏటా అచ్చువేసి లోకానికి చూపించాడు. అడగకపోవడమూ చూపించడమూ ఒకే మనిషిలో ఉన్నాయి. మనం సగమే తెచ్చుకున్నాం.

ఎడమచేయి, కుడిచేయి

దీనికి మా ఇంట్లోనే ఒక ఎదురు వాదం వచ్చింది. మా అమ్మ అంది: "కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువే చెప్పాడు కదరా. లెక్క చదివితే ఎవరెంత ఇచ్చారో తెలిసిపోదా?"

నిజమే, నాకూ ఆ భయం ఉంది. చిన్నప్పుడు కోతల పండక్కి మైకులో పేర్లు చదివేవాళ్లు. ఫలానా వారు ఇంత, ఫలానా వారు ఇంత. కూలికెళ్లే మా పెద్దమ్మ పేరు వచ్చేసరికి ఆవిడ ముసుగు ఇంకాస్త ముందుకి లాక్కునేది. ఇప్పుడు గల్ఫ్ డబ్బు వచ్చాక ఆ తేడా ఇంకా పెరిగింది. కువైట్లో వంటపని చేసి పంపే యాభై వేల పక్కన ఇక్కడ రొయ్యల చెరువు గట్టు మీద కూలి చేసి ఇచ్చే యాభై రూపాయలు చదివితే ఎలా ఉంటుంది? చదవకూడదు. ప్రభువు దాచమన్నది ఇచ్చే చేతిని. ఇసుక లోడుకు ఎంతయిందో దాచమనలేదు. పౌలు యెరూషలేము పేదల కోసం పోగైన కానుక మోసుకెళ్లేటప్పుడు వెంట వేరే సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి పెట్టుకున్నాడు. దేవుడి దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా సక్రమంగా ఉండాలి కదా అని కొరింథీయులకు కారణం కూడా రాశాడు. పౌలుకే అవసరమైంది మనకు అక్కర్లేదా?

అత్తారి ఊరి తాళం

ఓట్లు పెట్టేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. మా ఆవిడది బాప్టిస్టు సంఘం, ఆకివీడు వైపు. వాళ్లకు సంఘ కూటం ఉంది, సెక్రటరీ ఉన్నాడు, ట్రెజరర్ ఉన్నాడు, పోయిన కూటం మినిట్సు చదివి ఆమోదం తీసుకుంటారు, చేతులెత్తి తీర్మానం చేస్తారు. పెళ్లయిన కొత్తలో ఆ కూటం ఒకటి చూసి నేను ముచ్చటపడ్డాను. ఒక ముసలాయన లేచి, ట్యూబులైటు మార్చినందుకు అంతెందుకయింది అని అడిగితే ట్రెజరర్ నవ్వుతూ బిల్లు చూపించాడు.

నాలుగేళ్లకు అదే సంఘంలో రెండు పార్టీలయ్యాయి. మొదట పాస్టరు గారి ట్రాన్స్‌ఫర్ గొడవ, తరవాత షాపుల అద్దెల గొడవ, చివరికి ఊళ్లో ఎమ్మెల్యే మనుషులెవరు అన్న గొడవ. ప్రతి కూటంలోనూ లెక్కలు అడిగేవాళ్లే, వినేవాడు ఒక్కడూ లేడు. గుడికి రెండు తాళాలు పడ్డాయి. ఒక క్రిస్మస్ రోడ్డు మీద జరిగింది. మా ఆవిడ అప్పుడన్న మాట నేను మరిచిపోలేదు. "మీవాళ్లు నోరు మూసుకుని పాడవుతారు, మావాళ్లు నోరు తెరిచి పాడవుతారు."

కాబట్టి రూలు పుస్తకం మార్చితే మనుషులు మారతారని నేను అనడం లేదు. ప్రశ్న కత్తి కూడా అవుతుంది. నిజం చెప్పాలంటే మా మస్కట్ కుర్రాడి ప్రశ్న కూడా కడిగిన ముత్యమేం కాదు. వాళ్ల నాన్నకీ మాస్టారికీ కొబ్బరితోట గట్టు దగ్గర పాత తగాదా ఉంది, అది ఊరందరికీ తెలుసు. అందుకే అంత సులువుగా కూర్చోబెట్టేశారు. కానీ అడిగినవాడి మనసు వంకరైతే ప్రశ్న వంకరైపోతుందా? యెరూషలేములో గ్రీకు మాట్లాడే యూదులు, మా విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అందడం లేదని సణిగినప్పుడు అందులో కులం గొడవలాంటి వాసన లేదంటారా? అపొస్తలులు ఆ సణుగుడిలో మనసు ఎంత శుద్ధమో పరీక్ష పెట్టలేదు. మీలోంచి ఏడుగుర్ని మీరే ఏర్పరచుకోండి, ఈ పని వాళ్లకు అప్పగిస్తాం అన్నారు. ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే గరిటె ఇచ్చారు.

మాస్టారి అరుగు

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే నేను గొప్పవాణ్ణే. అసలు సంగతి మంగళవారం జరిగింది.

మాస్టారు కబురు పెట్టారు. వెళ్లేసరికి అరుగు మీద ట్యూబులైటు కింద చాప పరిచి ఉంది. స్కూల్లో హాజరు వేసే పొడుగు పుస్తకం లాంటిది ఒకటి, ఇనుప తీగకు గుచ్చిన బిల్లులు, పాత బిస్కట్ డబ్బాలో చీటీలు. "ఆ అబ్బాయి అడిగింది న్యాయమే. చూడు. నీకు లెక్కలు తెలుసుగా" అన్నారు.

రెండు రాత్రులు కూర్చున్నాను. తీగ మీంచి బిల్లులు ఒక్కొక్కటే తీస్తుంటే తుప్పు వేళ్లకంటుకుంది. ఇసుక పద్నాలుగు ట్రాక్టర్లు దిగింది, చీటీలు పదకొండే ఉన్నాయి. మిగతా మూడూ పుస్తకంలోనే లేవు. ఇవేంటి మాస్టారూ అన్నాను. "చీటీ ఇవ్వలేదయ్యా వాళ్లు. చీటీ లేకుండా సంఘం డబ్బు ఎలా రాస్తాను? నా పింఛన్లోంచి ఇచ్చేశాను." ఇనుము బిల్లు ఒకటి తడిసి అంకెలు చెరిగిపోయాయి, అందులో తేలని తేడా కూడా ఆయనే భరించారు. అలా కూడితే ఇరవై మూడు వేల చిల్లర ఆయన జేబులోంచి పోయింది. లోపల్నుంచి టీ పట్టుకొచ్చిన ఆయన భార్య గ్లాసు నా ముందు పెట్టి, "ఇప్పుడైనా ఒకరు చూశారు బాబూ" అని వెళ్లిపోయారు.

లెక్క తప్పే ఉంటుంది, దొరుకుతారు అనుకుని వచ్చేవాడికి ఇది సినిమా మలుపులా ఉంటుందేమో. నాకలా లేదు. ఎందుకంటే నాకు ఒక పాత ఆదివారం గుర్తొచ్చింది. ఏడేళ్ల కిందట మాస్టారే నన్ను పిలిచి, కానుక లెక్కపెట్టేటప్పుడు పక్కన కూర్చో, బ్యాంకులో నీ సంతకం కూడా పెడదాం అన్నారు. నేను నవ్వి, "మీరుండగా మాకు లెక్కలేంటండీ, మీమీద మాకు నమ్మకం" అన్నాను. ఆ మాట చాలా మర్యాదగా వినిపించింది. దాని అసలు అర్థం, ఆదివారం మధ్యాహ్నం కోడికూర చల్లారిపోతుంది అని.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఇంతే. పెద్దలు పెత్తనం చేస్తున్నారని మనం తిట్టుకునే చోట సగం సార్లు అది వాళ్లు లాక్కున్న పెత్తనం కాదు, మనం వాళ్ల నెత్తిన పెట్టి జారుకున్న బరువు. కానుకే కాదు. పెళ్లి తగాదా, ఆసుపత్రికి తోడు, సమాధుల స్థలం హద్దు, అర్ధరాత్రి ప్రార్థన, అన్నీ ఆ ముగ్గురి మీదే. మనం ఇచ్చేది నమ్మకం. నమ్మకం ఇవ్వడానికి డబ్బు ఖర్చవదు, టైమూ ఖర్చవదు. శివారు చేనుకు నీళ్లు రాలేదని జూలైలో కేకలేసే రైతు, మేలో అందరూ బోదె తవ్వుతున్నప్పుడు ఎక్కడున్నాడు అని అడుగుతారు మా ఊళ్లో.

అలాగని పెద్దలను ఒడ్డున పడేయడం లేదు. మాస్టారి లెక్క మంచిదే గానీ పద్ధతి మంచిది కాదు. సంఘం డబ్బు నాలుగు లక్షల పైన ఆయన ఒక్కరి పేరు మీదున్న సేవింగ్స్ అకౌంటులో ఉంది. నామినీ కొడుకు. కొడుకు మంచివాడే. కానీ రేపు మాస్టారు లేని రోజున ఆ డబ్బు ఎవరిదని ఎవరు చెప్పాలి? మందిరం స్థలం కాగితం కూడా ఎప్పుడో పోయిన ఒక విశ్వాసి పేరు మీదే ఉంది, ఆయన మునిమనవలు హైదరాబాదులో ఉన్నారు. రిజిస్ట్రేషన్ చేయిద్దామంటే, అది లోకసంబంధమైన పద్ధతి, ప్రెసిడెంటు సెక్రటరీ అంటూ మొదలైతే సంఘం కాదు సొసైటీ అవుతుంది అని పెద్దలు అంటారు. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘాల్లో ఆ పదవుల కోసమే కొట్టుకున్నవి నేనూ చూశాను కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయలేను. దీనికి నా దగ్గర తయారుగా సమాధానం లేదు. రెండో సంతకానికి మాత్రం చట్టమూ అక్కర్లేదు, పదవీ అక్కర్లేదు.

తవ్వతో కొలిచేవాళ్లు

తమాషా ఏమిటంటే, ఈ పని బాగా తెలిసినవాళ్లు మా సంఘంలో ఎప్పట్నుంచో ఉన్నారు. ఆడవాళ్లు రోజూ అన్నం వండేముందు ఎసట్లో వేసే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలకోసారి స్త్రీల కూటానికి ఆ డబ్బాలు తెచ్చి ఒక పెద్ద గిన్నెలో పోస్తారు. నిన్న మళ్లీ వెళ్లి చూశాను. ఒకావిడ తవ్వతో కొలుస్తుంది, ఇంకొకావిడ ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతుంది, మూడో ఆవిడ పిల్లవాడి నోటుపుస్తకంలో గీతలు గీస్తుంది. మధ్యలో కొలిచే ఆవిడ తవ్వ తల కొట్టకుండా పోసిందని అందరూ నవ్వులు. అది కోటా బియ్యమా, మిల్లు బియ్యమా అని ఎగతాళి. కలిసిన బియ్యం అక్కడే పాట పెట్టి, వచ్చిన డబ్బు ఎవరింట్లో జబ్బుంటే వాళ్లకు. "నన్ను నమ్మరా" అన్న మాట అక్కడ నేను వినలేదు. మేం గడ్డాలు నిమురుకుంటూ దేవుడి చిత్తం కోసం కనిపెట్టే పనిని వాళ్లు ముసుగుల కింద నవ్వుకుంటూ చేసేస్తున్నారు.

జూన్ మొదటి వారం పెద్దల కూటంలో నేను రెండు మాటలు అడిగాను. కానుక ముగ్గురం కలిసి లెక్కపెడదాం, ఆ మూడో మనిషి స్త్రీల కూటం నుంచి ఉండాలి. ఆ వచనం చదివిన పెద్దకు మొదటిది సరే, రెండోది నచ్చలేదు. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలి కదా అన్నాడు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "లెక్కపెట్టడానికి నోరెందుకు, వేళ్లు చాలవూ?" అన్నారు. అంతటితో ఒప్పుకున్నారు. మస్కట్ కుర్రాణ్ణి కూడా కూర్చోమని అడిగాను. సెలవు అయిపోయింది, గురువారమే ఫ్లైటు అన్నాడు. ఉన్నా కూర్చునేవాడో లేదో.

నాలుగు వారాలు బాగానే నడిచింది. పోయిన ఆదివారం నేను వెళ్లలేదు. పాలకొల్లులో పెళ్లి, పైగా స్నేహితుడిది. ఇద్దరున్నారు కదా, చూసుకుంటారులే అనుకున్నాను. లెక్కపెట్టే ఆవిడకు కూడా ఆరోజు మనవడికి జ్వరమట.

సోమవారం సాయంత్రం మిల్లులో కాటా గదిలో ఉండగా మాస్టారి సైకిలు వచ్చి ఆగింది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, నాలుగు కిలోమీటర్లు. హ్యాండిలుకు గుడ్డ సంచి వేలాడుతోంది. మూతికి ఆదివారం కట్టిన ముడి అలాగే ఉంది. దాన్ని టేబులు మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, "నువ్వు విప్పు" అన్నారు.